బ్లేడు మొండిబారలేదు, బంక పట్టింది

టేబుల్ సాలో (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే రంపం) చెక్క కోస్తుంటే అంచులు నల్లగా మాడటం, మోటారు మూలగడం, చెక్కని బలంగా నెట్టాల్సి రావడం. చాలామంది అడిగే సమస్యే ఇది. ఫెన్స్ (చెక్కని తిన్నగా నడిపే పట్టీ) సరిచేశాను, బ్లేడుని కిరోసిన్‌తో తుడిచాను, వేగం మార్చి చూశాను, ఏదీ పనిచేయలేదు.

సాన పట్టించే ముందు బ్లేడు విప్పి వెలుతురులో చూశాను. కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) పళ్ల మొనలు పదునుగానే ఉన్నాయి. వాటి పక్కలకి మాత్రం చెక్క నుంచి వచ్చిన గోధుమరంగు బంక గట్టిగా అంటుకుని ఉంది. రాపిడి అక్కడే పుడుతోంది.

ముందు ప్లగ్ పీకాలి, ఇది మర్చిపోవద్దు. ప్లాస్టిక్ పళ్లెంలో లీటరు గోరువెచ్చని నీళ్లకి రెండు చెంచాల చాకలి సోడా కలిపి, బ్లేడు మునిగేలా పెట్టాను. అల్యూమినియం పళ్లెం వాడొద్దు, సోడా దాన్ని తినేస్తుంది. ఇరవై నిమిషాలకి బంక మెత్తబడింది. గ్లౌజులు వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో పన్నునీ మూడు వైపులా రుద్దాను: ముందు వైపు, ఆపై రెండు పక్కలు. పక్కల దగ్గర ఓపిక పట్టాలి. ఇనప బ్రష్ జోలికి పోలేదు, కార్బైడ్ పెళుసు. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాక పల్చగా మైనం పట్టించాను. నూనె అయితే చెక్కకి మరకలు పడతాయి.

మాడటం ఆగింది, చెక్క తేలిగ్గా కదులుతోంది. నేను కోసేది ఎక్కువగా పైన్, దానికి బంక ఎక్కువ. పళ్ల మొనలు గుండ్రబడి ఉంటే మాత్రం ఎంత కడిగినా లాభం ఉండదు, సాన పట్టించాల్సిందే. రంగు కోటింగ్ ఉన్న బ్లేడైతే ముందు ఒక చిన్న చోట పరీక్షించి చూడండి.