కోడ్ సరిగ్గానే ఉన్నా పేజీ కుదరనప్పుడు: ఫ్రంట్ ఎండ్ డెవలపర్లకు డిజైన్ లెక్కలు

కోడ్‌లో తప్పు లేదు, కన్సోల్‌లో ఎర్రర్ లేదు. అయినా పేజీ చూస్తే ఎక్కడో అతకనట్టు ఉంటుంది. అలాంటప్పుడు చాలామంది మొదట రంగులు మారుస్తారు, తర్వాత ఫాంట్ మారుస్తారు, చివరికి నీడలూ గ్రేడియంట్లూ తగిలిస్తారు. పేజీ ఇంకాస్త గజిబిజి అవుతుంది. లోపం ఎక్కువగా ఉండేది ఖాళీల్లోనూ, అక్షరాల సైజుల మధ్య తేడాల్లోనూ. ఈ రెండింటినీ కొలవవచ్చు, సరిచేయవచ్చు. బొమ్మలు గీయడం రాకపోయినా ఫర్వాలేదు. ప్రతి అంకె ఎందుకు పెట్టారో మీరు చెప్పగలగాలి.

ముందు రంగు లేకుండా కట్టండి

తెలుపు, నలుపు, రెండు మూడు బూడిద ఛాయలు. మొదటి దశలో ఇంతకు మించి వాడకండి. లోరెమ్ ఇప్సమ్ అనే అర్థంలేని నింపుడు పాఠం బదులు అసలు సమాచారమే పెట్టండి. అందులోనూ ఇబ్బంది పెట్టేదాన్నే ఎంచుకోండి: అన్నిటికంటే పొడవైన పేరు, మూడు వరుసలకు పాకే శీర్షిక, ఒక్క అంశం కూడా లేని జాబితా. డిజైన్ ఫైలులో అన్ని పేర్లూ ముచ్చటగా ఒకే వరుసలో ఇముడుతాయి. నిజమైన డేటా అలా రాదు.

తర్వాత, ఈ పేజీకి వచ్చినవారు చేయాల్సిన ముఖ్యమైన పని ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. దానికి రంగు నింపిన బటన్ ఒక్కటే ఇవ్వండి. రెండో పనికి అంచు మాత్రమే ఉన్న బటన్, మూడోదానికి మామూలు లింకు సరిపోతాయి. మూడు బటన్లూ నిండు రంగులో ఉంటే దేన్ని నొక్కాలో తేల్చుకునే భారం చదివేవారి మీద పడుతుంది.

ప్రాధాన్యం చూపడానికి మూడు సాధనాలున్నాయి: సైజు, మందం, ముదురు. కొత్తవాళ్లు సైజు ఒక్కదాన్నే నమ్ముకుంటారు. అందుకే శీర్షికలు ఉబ్బిపోతాయి, చిన్న వివరాలు చదవలేనంత చిక్కిపోతాయి. ఒక కార్డునే తీసుకోండి. పేరు 20 పిక్సెల్స్, 600 మందం, దాదాపు నలుపు. వివరణ 16 పిక్సెల్స్, మామూలు మందం. తేదీ 14 పిక్సెల్స్, కాస్త లేత బూడిద. ఈ మూడు అంచెలతో కార్డు చదవడం తేలికవుతుంది. 16 పక్కన 17 మాత్రం పెట్టకండి. అంత చిన్న తేడా చూసేవారికి పొరపాటులా కనిపిస్తుంది. సైజులు ఒకటిగానైనా ఉండాలి, లేదా తేడా స్పష్టంగానైనా తెలియాలి.

సరిచూసుకోవడానికి బ్రౌజర్‌లోని డెవ్‌టూల్స్ తెరిచి బాడీకి ఫిల్టర్ కింద 8 పిక్సెల్స్ బ్లర్ ఇవ్వండి. అక్షరాలు మసకబారాక కూడా మొదట కంట్లో పడాల్సింది పడుతోందంటే అంచెలు కుదిరినట్టే.

ఖాళీలు: అసలు పని ఇక్కడే

ఒక వరుస నిర్ణయించుకుని సీఎస్ఎస్ వేరియబుల్స్‌లో పెట్టండి: 4, 8, 12, 16, 24, 32, 48, 64, 96. పేజీలో ఖాళీలకు ఎక్కడా ఇవి తప్ప వేరే అంకె వాడకూడదు. మెట్లు పైకి వెళ్లే కొద్దీ దూరం పెరగడానికి కారణం ఉంది. 4కూ 8కీ తేడా కంటికి తెలుస్తుంది, 60కీ 64కీ తేడా తెలియదు. 13, 17, 22 లాంటివి చొరబడితే ఏ ఖాళీకి ఏ అర్థమో చదివేవారికీ తెలియదు, ఆరు నెలల తర్వాత కోడ్ తెరిచే మీకూ తెలియదు.

ఇక నియమం ఒక్కటే: లోపలి ఖాళీ బయటి ఖాళీ కంటే చిన్నదిగా ఉండాలి. ఫారంలో లేబుల్‌కీ దాని పెట్టెకీ మధ్య 8 ఇస్తే, ఒక ఫీల్డుకీ తర్వాతి ఫీల్డుకీ మధ్య 24 ఇవ్వండి, ఒక విభాగానికీ మరో విభాగానికీ మధ్య 48. లేబుల్‌కు పైనా కిందా 16 చొప్పున ఇస్తే ఆ లేబుల్ పై పెట్టెదో కింది పెట్టెదో తేలదు. అప్పుడు గీతలు గీసి, పెట్టెలు కట్టి విడదీయాల్సి వస్తుంది. పేజీలో అడ్డగీతలు మరీ ఎక్కువయ్యాయంటే సాధారణంగా ఖాళీలు లెక్క తప్పాయనే అర్థం.

అంకెలన్నీ సరిగ్గా ఇచ్చినా పైభాగంలో ఎక్కువ ఖాళీ కనిపించడం తరచూ ఎదురయ్యే సమస్య. దీనికి కారణం లైన్-హైట్, అంటే వరుస ఎత్తు. 32 పిక్సెల్స్ శీర్షికకు లైన్-హైట్ 1.5 ఉంటే వరుస ఎత్తు 48 అవుతుంది. అదనంగా వచ్చిన 16లో సగం అక్షరాలకు పైన, సగం కింద చేరుతుంది. కార్డుకు అన్నివైపులా 24 ప్యాడింగ్ (అంచు లోపలి ఖాళీ) ఇచ్చినా పైన మాత్రం కనీసం 32లా అనిపిస్తుంది. శీర్షికకు 1.2 ఇస్తే వరుస ఎత్తు 38.4కు తగ్గుతుంది, పైన చేరే అదనం 3.2 మాత్రమే. ప్యాడింగ్‌తో కుస్తీ పట్టేకంటే ముందు ఈ అంకె చూడండి.

ఇంకో చిక్కు మార్జిన్ కొలాప్స్, అంటే ఎలిమెంట్ల బయటి ఖాళీలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. మామూలు బ్లాక్ అమరికలో ఒకదాని కింద 24, తర్వాతిదానికి పైన 32 మార్జిన్ ఉంటే మొత్తం 56 రాదు, పెద్దదైన 32 మాత్రమే మిగులుతుంది. అదే భాగాలను ఫ్లెక్స్ లేదా గ్రిడ్ అనే సీఎస్ఎస్ అమరికల్లోకి మార్చగానే 56 వస్తుంది, ఖాళీలన్నీ ఒక్కసారిగా పెరిగిపోతాయి. పిల్ల ఎలిమెంట్లకు మార్జిన్ ఇవ్వకుండా తల్లి ఎలిమెంటుకు గ్యాప్ ఇచ్చే అలవాటు చేసుకుంటే ఈ బాధ ఉండదు.

ఒకదానిలో ఒకటి ఉన్న గుండ్రటి మూలలకూ లెక్క ఉంది. బయటి మూల 16, ప్యాడింగ్ 8 అయితే లోపలి మూల 16 - 8 = 8. రెండింటికీ 16 ఇస్తే మూల దగ్గర లోపలి వంపు బయటి వంపుతో కలిసి నడవదు.

అక్షరాలు

చదివే పాఠానికి 1 రెమ్ (పేజీ మూల అక్షర సైజు) ఇవ్వండి. ఎక్కువ బ్రౌజర్లలో అది 16 పిక్సెల్స్. పిక్సెల్స్‌లో బిగించేస్తే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవారికి ఆ మార్పు దక్కదు. శీర్షికలకు 1.25 నిష్పత్తి తీసుకుంటే 16, 20, 25, 31, 39 వరుస వస్తుంది. చాలా పేజీలకు ఇది సరిపోతుంది.

లైన్-హైట్‌ను యూనిట్ లేకుండా రాయండి. బాడీకి 1.5 ఈఎమ్ (దాని అక్షర సైజుకు ఒకటిన్నర రెట్లు) అని రాస్తే బ్రౌజర్ అక్కడే 24 పిక్సెల్స్‌గా లెక్కకట్టి, ఆ 24నే పిల్లలకు అందిస్తుంది. అప్పుడు 40 పిక్సెల్స్ శీర్షిక రెండో వరుసకు వస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. వట్టి 1.5 అని రాస్తే ప్రతి ఎలిమెంటూ తన సైజుతో గుణించుకుంటుంది.

తెలుగు పాఠానికి 1.5 ఇరుకు. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి 1.7 దగ్గర మొదలుపెట్టండి, శీర్షికలకు 1.4. పొడవైన పేరును చుక్కలతో కత్తిరించడానికి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టిన చోట లైన్-హైట్ 1 ఉంటే వత్తుల అడుగుభాగం తెగిపోతుంది. ఇంగ్లిష్ పాఠంతో పరీక్షించినవారికి ఈ లోపం కనిపించదు.

వరుస పొడవు ఇంగ్లిష్‌లో 45 నుంచి 75 అక్షరాల మధ్య ఉంటే కన్ను తర్వాతి వరుసను తేలిగ్గా పట్టుకుంటుంది. దీనికి మ్యాక్స్-విడ్త్ 65 సీహెచ్ అని రాయడం మామూలే. కానీ సీహెచ్ అంటే ఆ ఫాంటులో సున్నా అంకె వెడల్పు. తెలుగు అక్షరాలకు ఆ కొలత వర్తించదు. రెమ్‌లలో ఇచ్చి, వరుసకు ఎనిమిది నుంచి పది మాటలు పట్టేలా సర్దుకోండి.

రంగులు ఆఖర్న

తెలుపు మీద #777777 బూడిద అక్షరాల కాంట్రాస్ట్ (వెలుగు తేడా నిష్పత్తి) 4.48. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ఏఏ స్థాయిలో మామూలు పాఠానికి కనీసం 4.5 కావాలి. కాబట్టి అది తప్పుతుంది. ఒక్క మెట్టు ముదురైన #767676 నెగ్గుతుంది. ప్లేస్‌హోల్డర్లకు అందరూ ఇష్టపడే #999999 అయితే 2.85 దగ్గరే ఆగిపోతుంది. 24 పిక్సెల్స్, అంతకు మించిన పెద్ద అక్షరాలకు 3 చాలు. ఇన్‌పుట్ పెట్టెల అంచులకూ, ఐకాన్లకూ అంతే.

రంగును వర్ణం, గాఢత, లైట్‌నెస్ (వెలుగు)గా చెప్పే హెచ్‌ఎస్‌ఎల్‌లో లైట్‌నెస్ అంకెను నమ్మి ఛాయలు తయారుచేయకండి. నిండు పసుపుకీ నిండు నీలానికీ అక్కడ లైట్‌నెస్ 50 శాతమే. తెలుపు మీద నీలం కాంట్రాస్ట్ 8.59 అయితే పసుపుది 1.07. రెంటినీ ఒకే స్థాయి అనుకుని బటన్లకు వాడితే ఒకటి కనిపిస్తుంది, ఇంకొకటి కరిగిపోతుంది. కంటికి కనిపించే వెలుగును చాలా దగ్గరగా పట్టుకునే ఓకేఎల్‌సీహెచ్ అనే రంగుల పద్ధతిని సీఎస్ఎస్‌లో నేరుగా వాడుకోవచ్చు. అయినా చివర్లో కాంట్రాస్ట్ కొలవాల్సిందే.

ఎన్ని రంగులు? బూడిదలో ఎనిమిది తొమ్మిది ఛాయలు, బ్రాండు రంగు ఒకటి, తప్పుకూ హెచ్చరికకూ విజయానికీ ఒక్కొక్కటి. తప్పును ఎరుపు ఒక్కదానితోనే చెప్పకండి. ఐకానో, ఒక వాక్యమో తోడు ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి ఆ పెట్టె మామూలు పెట్టెలాగే కనిపిస్తుంది.

చిన్న తెర, పెద్ద తెర

వ్యూపోర్ట్ (పేజీ కనిపించే చోటు) వెడల్పు చెప్పే మెటా ట్యాగ్ మరిచిపోతే మొబైల్ బ్రౌజర్ పేజీని సుమారు 980 పిక్సెల్స్ వెడల్పుగా ఊహించుకుని కుదిస్తుంది. తెర వెడల్పును బట్టి స్టైల్ మార్చే మీడియా క్వెరీలు పనిచేయలేదని గంటలు పోతాయి. మొదట చూడాల్సింది అదే.

గ్రిడ్ కాలమ్ తెర దాటి బయటికి పొడుచుకొస్తోందా? 1 ఎఫ్ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా) అంటే కనిష్ఠం ఆటో, అంటే లోపలి సమాచారం కంటే చిన్నది కాలేదు. పొడవైన యూఆర్‌ఎల్ ఒక్కటి చాలు దాన్ని తోసేయడానికి. కనిష్ఠం 0, గరిష్ఠం 1 ఎఫ్ఆర్ అని మిన్‌మ్యాక్స్‌లో రాయండి. ఫ్లెక్స్‌లో ఇదే పని మిన్-విడ్త్ 0 చేస్తుంది.

శీర్షిక సైజును వట్టి వ్యూపోర్ట్ వెడల్పుతో ముడిపెడితే జూమ్ చేసినా అక్షరాలు పెరగవు. విలువను కనిష్ఠ, గరిష్ఠాల మధ్య ఉంచే క్లాంప్‌లో మధ్య విలువకు కొంత రెమ్ కలపండి. ఉదాహరణకు కనిష్ఠం 1.75 రెమ్, మధ్యలో 1.2 రెమ్‌కు 2.5 వీడబ్ల్యూ (వ్యూపోర్ట్ వెడల్పులో 2.5 శాతం) కలిపిన మొత్తం, గరిష్ఠం 3 రెమ్. ఐఫోన్ సఫారీలో ఇన్‌పుట్ అక్షరాలు 16 పిక్సెల్స్ కంటే చిన్నవైతే నొక్కగానే పేజీ జూమ్ అవుతుంది. నొక్కే చోటుకు 24 పిక్సెల్స్ చదరం డబ్ల్యూసీఏజీ 2.2 చెప్పిన కనిష్ఠం. వేలికి హాయిగా ఉండాలంటే 44 నుంచి 48.

బొమ్మలకు విడ్త్, హైట్ యాట్రిబ్యూట్లు ఇవ్వడం డిజైన్ పనే. ఇవ్వకపోతే బొమ్మ రాగానే పాఠం కిందికి దూకుతుంది, చదివేవారు ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతారు.

డిజైన్ ఫైలులో లేని స్థితులు

ప్రతి బటన్‌కూ హోవర్, ఫోకస్, నొక్కిన స్థితి, పనిచేయని స్థితి, లోడింగ్ ఉంటాయి. ప్రతి జాబితాకూ ఖాళీ స్థితి, ఎర్రర్ స్థితి ఉంటాయి. ఫైలులో లేకపోతే మీరే నిర్ణయించాలి. ఫోకస్ గీత బాగాలేదని అవుట్‌లైన్ నన్ అని తీసేస్తే కీబోర్డుతో పనిచేసేవారికి తాము ఎక్కడున్నారో తెలియదు. ఫోకస్-విజిబుల్ వాడి 2 పిక్సెల్స్ గీత, 2 పిక్సెల్స్ ఆఫ్‌సెట్ ఇవ్వండి. మౌస్‌తో బటన్ నొక్కినప్పుడు అది కనిపించదు. కదలికలు 150 నుంచి 300 మిల్లీసెకన్లలో ముగియాలి, కదలిక తగ్గించమని సిస్టమ్‌లో కోరుకున్నవారికి ఆగిపోవాలి.

పేజీ అప్పగించే ముందు 1280 పిక్సెల్స్ వెడల్పున్న కిటికీలో 400 శాతం జూమ్ చేయండి. అది 320 పిక్సెల్స్ తెరతో సమానం. పక్కకు స్క్రోల్ చేయకుండా అంతా చదవగలగాలి. తర్వాత మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ కీతోనే ఫారం నింపి పంపండి. ఎక్కడ ఆగిపోతే అక్కడే సరిచేయడం మొదలుపెట్టండి.