లేజర్‌కి వెళ్లేముందు ఎండ లెక్క చూసుకోండి

అవాంఛిత వెంట్రుకలు తీసే లేజర్ కిరణానికి వెంట్రుక తెలీదు, నలుపు తెలుసు. వెంట్రుకలోని మెలనిన్ అనే నల్లరంగు పదార్థం ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి కుదురు దాకా దిగి దాన్ని దెబ్బతీస్తుంది. అదే మెలనిన్ చర్మంలోనూ ఉంటుంది. ఎండకి కమిలి నల్లబడిన చర్మం కుదురుకి చేరాల్సిన వేడిలో వాటా లాక్కుంటుంది. అప్పుడే బొబ్బలొస్తాయి, నెలల తరబడి పోని నల్లమచ్చలు పడతాయి. తెల్ల వెంట్రుకలు, బంగారు రంగు నూగు లేజర్‌కి లొంగకపోవడానికి కారణం కూడా ఇదే. వాటికోసం డబ్బు కట్టొద్దు.

విశాఖలో ఉంటూ ఎండ తగలకుండా ఉండటం చెప్పినంత తేలిక కాదు. సిట్టింగ్‌కి ముందు 4 వారాలు, తర్వాత కనీసం 2 వారాలు ఆ భాగానికి నేరుగా ఎండ తగలకూడదు. స్కూటీ మీద వెళ్లేవాళ్లు ముఖానికి చున్నీ చుట్టుకుంటారు గానీ మెడ వెనక, ముంజేతులు మర్చిపోతారు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ 2 గంటలకోసారి రాయాలి. మన ఉక్కపోతకి అంతకంటే ముందే చెమటలో కారిపోతుంది. ఆదివారం రుషికొండలో అలల్లో ఆడి మంగళవారం సిట్టింగ్‌కి వెళ్లకండి, ఫోన్ చేసి వాయిదా వేయించండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తే 32 కిలోమీటర్ల నడక. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం ఉండనే ఉంది. ఇలాంటి రోజులు క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టుకుని సిట్టింగ్ తేదీలు తీసుకోండి. ఏప్రిల్, మేలలో మొదలుపెట్టొద్దన్నది మా సలహా.

పెళ్లి కోసం చేయించుకునేవాళ్లు వెనక నుంచి లెక్కేసుకోవాలి. అన్ని వెంట్రుకలూ ఒకేసారి ఎదిగే దశలో ఉండవు, ఆ దశలో ఉన్నవే దెబ్బతింటాయి. అందుకే ముఖానికి 4 నుంచి 6 వారాలకోసారి, ఒంటికి 6 నుంచి 8 వారాలకోసారి, మొత్తం 6 నుంచి 8 సిట్టింగ్‌లు పడతాయి. మాఘంలో ముహూర్తం అనుకుంటే తక్కువలో తక్కువ 6 సిట్టింగ్‌లకైనా జూన్‌లోనే మొదలవ్వాలి. చివరి సిట్టింగ్‌కీ నలుగుకీ మధ్య రెండు వారాలైనా ఉండాలి, సున్నిపిండితో రుద్దే రుద్దుడుకి లేజర్ పడ్డ చర్మం ఓర్వదు. ఇంతా చేసి ఒక్క వెంట్రుకా రాదని ఎవరైనా రాసిస్తే నమ్మకండి. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఈ మెషీన్లకి ‘శాశ్వతంగా తగ్గిస్తుంది’ అనే మాట వరకే ఒప్పుకుంది. ఏడాదికి ఒకటో రెండో సిట్టింగ్‌లు తర్వాత కూడా పడొచ్చు.

మెషీన్ ఏదో అడగడానికి మొహమాటపడకండి. మన చామనచాయకీ, అంతకంటే నలుపుకీ 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ అన్నిటికంటే భద్రం. 810 దగ్గర పనిచేసే డయోడ్ కూడా, పల్స్ (ఒక్కో కాంతి దెబ్బ) నిడివి పెంచి, చర్మాన్ని బాగా చల్లబరుస్తూ చేస్తే సరిపోతుంది. 755 అలెగ్జాండ్రైట్ తెల్లచర్మానికి బాగా పనిచేస్తుంది, మనకి కాలే ప్రమాదం ఎక్కువ. ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్, అంటే బలమైన మామూలు వెలుగు మెరుపు) అసలు లేజరే కాదు. పార్లర్లలో లేజర్ పేరుతో అదే చేస్తుంటారు. ముందు స్కిన్ డాక్టరు చర్మం చూడాలి, చిన్నచోట టెస్ట్ చేయాలి, కనీసం 48 గంటలు ఆగాలి. మచ్చ కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా తేలుతుంది కాబట్టి వారం ఆగితే ఇంకా మేలు. ఏ మెషీన్, ఎన్ని జౌల్స్ (కాంతి శక్తి), ఎన్ని మిల్లీసెకన్లు (పల్స్ నిడివి) అన్నది ప్రతిసారీ మీ కార్డు మీద రాయించుకోండి. మనిషి మారినా, క్లినిక్ మారినా ఆ అంకెలు అక్కరకొస్తాయి.

గడ్డం కింద, దవడ మీద ముతక వెంట్రుకలొస్తూ నెలసరి కూడా తప్పుతుంటే, లేజర్‌కంటే ముందు పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ సమస్య), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. లోపల హార్మోన్ తేడా ఉంటే ఇక్కడ తీస్తుంటే అక్కడ కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. ఇంకో చిక్కుంది: వేడి చాలకపోతే దవడ, మెడ చుట్టూ ఉన్న నూగు ముతకబడి ఎక్కువవ్వొచ్చు. రెండు మూడు సిట్టింగ్‌లకి పెరుగుతున్నట్టనిపిస్తే కొనసాగించకుండా డాక్టరుకి చూపించండి.

మొటిమలకి ఐసోట్రెటినోయిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ వాడుతుంటే ముందే చెప్పాలి. రెటినోయిడ్ క్రీము, బ్లీచ్ వారం ముందే ఆపాలి. పెదవి చుట్టూ జ్వరపు పొక్కులొచ్చే అలవాటుంటే డాక్టరు ముందుగానే మందిస్తారు. గర్భిణులు వాయిదా వేసుకోవడమే మంచిది. పచ్చబొట్టు మీద లేజర్ అస్సలు పడకూడదు, అందులోని ఇంకు కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది.

వ్యాక్సింగ్, థ్రెడింగ్, ఎపిలేటర్ 4 నుంచి 6 వారాల ముందే మానేయాలి. కుదుట్లో వెంట్రుకే లేకపోతే లేజర్ వేడెక్కించేదేముంది? రేజరు మాత్రం వాడొచ్చు, వాడాలి కూడా. ముందురోజు రాత్రి కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలు దిశలోనే గీయండి. పొడుగ్గా వదిలేస్తే వెంట్రుక చర్మం మీదే చిటపటమని కాలుతుంది. ఆ మసి మెషీన్ కొనకి అంటుకుని, తర్వాతి పల్స్‌కి ఆ చోటే కాలుస్తుంది. ముఖానికి పసుపు, పౌడరు, కాటుక ఏదీ లేకుండా కడుక్కుని వెళ్లండి.

మొద్దుబార్చే క్రీము సొంతంగా కాళ్లంతా పూసుకుని పైన ప్లాస్టిక్ కవరు చుట్టొద్దు. లేజర్ నొప్పికి భయపడి అలా చేసుకున్న ఇద్దరు అమ్మాయిలు చనిపోయారని 2007లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ మందు రక్తంలో ఎక్కువగా కలిస్తే ఫిట్సొస్తాయి, గుండె లయ తప్పుతుంది.

బల్ల మీద పడుకున్నాక మీకూ, చేసేవాళ్లకీ ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కళ్లద్దాలుండాలి. కనుబొమ్మల కింద చేస్తామంటే ఒప్పుకోవద్దు, మూసిన రెప్ప లేజర్‌ని ఆపదు. రబ్బర్‌బ్యాండ్‌తో కొట్టినట్టు చురుక్కుమనడం మామూలే. కొద్ది నిమిషాల్లో ఒక్కో కుదురు చుట్టూ చిన్న ఎర్రటి పొంగు లేచిందంటే పని సరిగా జరిగినట్టు. చర్మం బూడిదరంగుకో తెల్లగానో మారినా, మంట తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే ఆపమనండి. ఓర్చుకుంటే ఒరిగేదేం లేదు.

ఇంటికొచ్చాక గుడ్డలో చుట్టిన ఐస్‌తో పది నిమిషాలు అద్దండి. రెండు రోజులు వేణ్నీళ్లు, జిమ్ము, సముద్రం వద్దు. చంకలకైతే డియోడరెంట్ కూడా వద్దు. ఒకటి నుంచి మూడు వారాల్లో వెంట్రుకలు మళ్లీ పెరుగుతున్నట్టు నల్ల చుక్కల్లా బయటికొస్తాయి. అవి కాలిన వెంట్రుకలు, వాటంతటవే రాలతాయి, పట్టకారుతో పీకొద్దు. బొబ్బ లేస్తే చిదమకండి, టూత్‌పేస్ట్ రాయకండి. ఫొటో తీసుకుని అదేరోజు డాక్టరుకి చూపించండి. మచ్చ పూర్తిగా పోయేదాకా తర్వాతి సిట్టింగ్ జోలికి వెళ్లొద్దు, ప్యాకేజీ డబ్బు ముందే కట్టేసినా సరే.