మాక్ అసెంబ్లీ పాఠాలు – 3: రెండు పక్షాలూ గట్టిగా వాదించగల బిల్లు

గత రెండు పాఠాల్లో మాక్ అసెంబ్లీ, అంటే విద్యార్థులే సభ్యులుగా నడిపే నమూనా సభ, సాగే పద్ధతి చూశాం. స్పీకర్ అనుమతి ఎలా అడగాలి, మూజువాణి ఓటు (నోటితో అవును, కాదు అనడం) ఎప్పుడు సరిపోతుంది, డివిజన్ (ఓట్లు లెక్కించడం) ఎప్పుడు కోరాలి అన్నవి మీకు వచ్చేశాయి. ఇక అసలు పని మొదలవుతుంది. సభ ముందుకు వచ్చే బిల్లును మీరే ఎంచుకుని, మీరే రాస్తారు. ఈ పాఠంలో ఎంపిక, ముసాయిదా వరకే. ప్రసంగం వచ్చే పాఠంలో.

చాలాచోట్ల మాక్ అసెంబ్లీ చప్పగా సాగుతుంది. పిల్లలకు మాట్లాడటం రాక అలా అవుతోందనుకుంటారు గానీ, వాళ్ల చేతికిచ్చిన బిల్లులో వాదించడానికి ఏమీ ఉండదు. "పర్యావరణ పరిరక్షణ బిల్లు" అని పేరు పెడతారు. లోపల పర్యావరణాన్ని కాపాడాలని రాసి ఉంటుంది. మంత్రి వేషంలో ఉన్న అబ్బాయి లేచి చెట్ల గొప్పతనం చెబుతాడు. ప్రతిపక్ష నేతగా కూర్చున్న అమ్మాయి లేచి, "అధ్యక్షా, మేమూ సమర్థిస్తున్నాం, కానీ ఈ ప్రభుత్వానికి చిత్తశుద్ధి లేదు" అంటుంది. చర్చ అక్కడితో అయిపోతుంది. మిగతా సమయమంతా వక్తృత్వ పోటీయే. ఆ అమ్మాయికి ఇది నిజంగా అన్యాయం. ఆమె తెలివిని వాడుకునే అవకాశమే మనం ఇవ్వలేదు.

అందుకే బిల్లు ఎంచుకునేటప్పుడు ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. మంచి మనసున్న, విషయం తెలిసిన మనిషి దీన్ని వ్యతిరేకించగలడా? వ్యతిరేకించలేడు అనిపిస్తే ఆ బిల్లు పక్కన పెట్టేయండి, ఎంత మంచిదైనా సరే.

ఈ పరీక్షకు నిలిచే బిల్లు ఒకటి మన శాసనసభ చరిత్రలోనే ఉంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదంది. అప్పటి భయం జనాభా పెరుగుదల. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన తీసేస్తూ బిల్లు ఆమోదించింది. ఇప్పటి బెంగ జననాలు తగ్గిపోవడం, వృద్ధుల వాటా పెరగడం. మధ్యలో 2003లో, హర్యానాలో ఉన్న ఇలాంటి నిబంధన మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జావేద్ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పులో కోర్టు, నిబంధన రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. అంటే ఒకే విషయం మీద ముప్పై ఏళ్ల తేడాతో సభ రెండు వైపులా ఓటేసింది. రెండుసార్లూ కారణాలు ఉన్నాయి.

ఇక్కడ వాదనలు ఎంత పదునుగా వస్తాయో చూడండి. ప్రజాప్రతినిధి పదిమందికీ ఆదర్శంగా ఉండాలని ఒకరంటారు. ఎంతమందిని కనాలన్నది చాలా ఇళ్లలో ఆడమనిషి చేతిలో ఉండదు, కానీ పోటీ చేసే హక్కు పోయేది మాత్రం ఆమెకే అని ఇంకొకరు జవాబిస్తారు. సర్పంచికి పెట్టిన షరతు ఎమ్మెల్యేకు ఎందుకు పెట్టలేదని మూడో సభ్యుడు లేచి అడుగుతాడు. ఈ మూడో ప్రశ్నకు మంత్రి దగ్గర తేలికైన సమాధానం ఉండదు. మీ క్లాసులో సగం మందికి 1994 బిల్లు, సగం మందికి 2024 బిల్లు ఇచ్చి చూడండి. నా ఉద్దేశంలో తొలి సమావేశానికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

ఏ సభలో పెడుతున్నారు?

విషయం కుదిరాక, అది ఎవరి పరిధిలోదో చూసుకోవాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మూడు జాబితాలున్నాయి: కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. పోలీసు, ప్రజారోగ్యం, స్థానిక సంస్థలు రాష్ట్రానివి. టెలిఫోన్లు, ప్రసారాలు, ఆ కోవకు చెందిన సమాచార సాధనాలు కేంద్ర జాబితా 31వ అంశం. విద్య మొదట రాష్ట్ర జాబితాలో ఉండేది. 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. ఉమ్మడి జాబితాలోని విషయం మీద పార్లమెంటూ, రాష్ట్ర శాసనసభా చట్టం చేయొచ్చు కానీ, రెండు చట్టాలకూ పొసగకపోతే సాధారణంగా కేంద్ర చట్టానిదే పైచేయి. రాష్ట్రపతి ఆమోదం పొందితే ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టం నిలబడుతుంది.

ఇది పరీక్ష కోసం బట్టీ పట్టే సమాచారం అనుకోవద్దు. సభలో ఇది ఆయుధం. మీరు శాసనసభ పేరుతో సోషల్ మీడియా నియంత్రణ బిల్లు పెట్టారనుకోండి, ప్రతిపక్షం మొదటి నిమిషంలోనే పాయింట్ ఆఫ్ ఆర్డర్ (సభ నియమాల మీద అభ్యంతరం) లేవనెత్తి "ఈ సభకు ఆ అధికారం ఎక్కడిది అధ్యక్షా?" అనొచ్చు. దానికి జవాబు సిద్ధంగా లేకపోతే చర్చ మొదలుకాకుండానే టెన్షన్ మొదలవుతుంది. అదే బిల్లును లోక్‌సభలో పెట్టండి, గొడవే లేదు.

మంత్రి పెట్టిన బిల్లా, మామూలు సభ్యుడు పెట్టిన ప్రైవేటు సభ్యుల బిల్లా అన్నది కూడా ముందే తేల్చుకోండి. ప్రైవేటు సభ్యుల బిల్లు పార్లమెంటులో చివరిసారి చట్టమైంది 1970లో. సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ల పరిధిని పెంచిన బిల్లు అది. అయినా ఆ దారి వృథా కాదు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద తిరుచ్చి శివ పెట్టిన ప్రైవేటు బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. 2019లో ప్రభుత్వమే ఆ విషయం మీద వేరే చట్టం తెచ్చింది.

మాటలు వదులుగా ఉంటే ఏమవుతుంది

ముసాయిదా రాసేవాళ్లందరూ తెలుసుకోవాల్సిన కథ ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ది. "తీవ్ర అభ్యంతరకరం", "చికాకు", "అసౌకర్యం" కలిగించే సందేశాలు పంపితే మూడేళ్ల దాకా జైలు అంది ఆ సెక్షన్. ఎవరికి చికాకు? ఎంత చికాకు? ఎక్కడా లేదు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిలను ఒక ఫేస్‌బుక్ పోస్టు విషయంలో అరెస్టు చేశారు. ఒకరు పోస్టు పెట్టారు, రెండో అమ్మాయి దాన్ని లైక్ చేసింది. శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ను పూర్తిగా కొట్టేసింది. ఆ మాటలకు హద్దు లేదన్నది కోర్టు చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి.

మీ బిల్లులో "తగిన", "అనుచిత", "హానికర" లాంటి మాట కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ మాటకు నిర్వచనం రాయండి, లేదా ఆ మాటే తీసేయండి. పోలీసు చేతిలోకి వెళ్లాక ఆ మాట ఏమవుతుందో ఊహించుకుని మరీ రాయాలి.

ఒక క్లాజును దగ్గరగా చూద్దాం

16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఉండాలా వద్దా అన్న బిల్లు తీసుకుందాం. విద్యార్థులు తొలి ముసాయిదా సాధారణంగా ఇలా రాస్తారు:

"క్లాజు 2. పిల్లలు సోషల్ మీడియాకు బానిసలు కాకుండా ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి."

దీన్ని ఎవరు కాదంటారు? ఎవరూ అనరు. ఇందులో ఎవరు ఏం చేయాలో లేదు, చేయకపోతే ఏమవుతుందో లేదు. ఇప్పుడు దీన్ని తిరగరాద్దాం:

"క్లాజు 2. ఈ చట్టంలో సోషల్ మీడియా అంటే, వాడుకరులు ఖాతా తెరిచి, తాము పెట్టినదాన్ని ఇతర వాడుకరులు చూసేలా, స్పందించేలా వీలు కల్పించే ఆన్‌లైన్ సేవ. ఫోన్ కాల్స్‌కు, వ్యక్తిగత సందేశాలకు మాత్రమే పనికొచ్చే సేవ ఇందులోకి రాదు.

క్లాజు 3. 16 ఏళ్లు నిండనివారు ఖాతా తెరవకుండా ప్రతి సోషల్ మీడియా కంపెనీ సహేతుకమైన చర్యలు తీసుకోవాలి.

క్లాజు 4. క్లాజు 3ను ఉల్లంఘించిన కంపెనీకి జరిమానా ఉంటుంది. పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష ఉండదు."

ఇప్పుడు ప్రతిపక్షానికి చేతినిండా పని దొరికింది. వాట్సాప్‌లో స్టేటస్ పెడతారు, ఛానెళ్లు నడుపుతారు, మరి అది క్లాజు 2లోకి వస్తుందా రాదా? వయసు తెలియాలంటే గుర్తింపు పత్రం అడగాలి. పిల్లవాడిని ఆపడానికి నలభై ఏళ్ల మనిషి కూడా కార్డు చూపించాలా? 2017లో పుట్టస్వామి కేసులో ప్రాథమిక హక్కుగా గుర్తించిన గోప్యత ఏం కావాలి? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 18 ఏళ్ల లోపువారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని ఇప్పటికే చెబుతోంది కదా, కొత్త చట్టం ఎందుకు? అన్నట్టు, "సహేతుకమైన చర్యలు" అన్న మాటకు కూడా మీరు పెన్సిల్ గీత పెట్టి ఉండాలి. అది నేను కావాలనే వదిలాను. దాన్ని బిగించే సవరణ మీరు రాయండి.

అధికారపక్షం చేతులూ ఖాళీగా లేవు. ఆస్ట్రేలియా 2024లో సరిగ్గా ఇలాంటి చట్టమే చేసింది. 2025 డిసెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చింది. భారమంతా కంపెనీల మీదే పెట్టింది, జరిమానా 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా ఉంటుంది.

క్లాజు 4 మీద ఇంకాస్త ఆగుదాం, ఎందుకంటే శిక్ష ఎవరికన్న దగ్గరే బిల్లు స్వభావం బయటపడుతుంది. మన దేశంలోనే వేరే దారి ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మైనర్ బండి నడిపి ఆ చట్టం కింద నేరం చేస్తే సంరక్షకుడు లేదా వాహన యజమాని బాధ్యుడు. 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడొచ్చు. అదే పద్ధతి క్లాజు 4లో పెడితే ఏమవుతుంది? పనికి వెళ్లొచ్చి అలసిపోయిన తల్లి, ఫోన్ గురించి తనకంటే ఎక్కువ తెలిసిన కొడుకు తప్పుకు కోర్టులో నిలబడుతుంది. పెట్టకపోతే ఇంట్లోవాళ్ల బాధ్యతంటూ ఏమీ లేదా అని అవతలివాళ్లు అడుగుతారు. రెండూ సభలో చెప్పదగ్గ మాటలే.

తర్వాత అమలు తేదీ. దీన్ని చివర్లో ఒక వాక్యంగా పడేస్తారు గానీ ఇందులో చాలా ఉంది. ఇద్దరు పిల్లల నిబంధన చట్టం వచ్చిన మర్నాడే కాటు వేయలేదు. ఏడాది గడువు ఇచ్చారు, 1995 మే నెలాఖరు తర్వాత పుట్టిన అదనపు సంతానాన్నే లెక్కలోకి తీసుకున్నారు. అప్పటికే ముగ్గురున్నవారిని శిక్షించకూడదన్న న్యాయం అందులో ఉంది. మన బిల్లులో ఇప్పటికే ఖాతాలున్న 14 ఏళ్ల పిల్లల సంగతేమిటి? ఖాతా మూసేస్తారా, ఉండనిస్తారా? వాళ్లు పెట్టుకున్న ఫొటోలు? దీనికొక క్లాజు కావాలి.

బిల్లు చివర ఉద్దేశాలు, కారణాల ప్రకటన జత చేయండి, నాలుగు వాక్యాలు చాలు. ఖజానా నుంచి ఖర్చయ్యేది ఉంటే ఎంత, దేనికి అని చెప్పే ఆర్థిక వివరణ పత్రం కూడా ఉండాలి.

ఇంకొన్ని మంచి బిల్లులు

లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో పోటీకి కనీస వయసు 25 నుంచి 18కి తగ్గించడం. ఓటు వయసును 1989లో 61వ సవరణతో 21 నుంచి 18కి తెచ్చాం, పోటీ వయసు అలాగే ఉండిపోయింది. ఇది రాజ్యాంగ సవరణ కాబట్టి ఓట్ల లెక్క జాగ్రత్త. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు కావాలి, సభ మొత్తం సంఖ్యలో సగానికి మించి కూడా కావాలి. మీ సభలో 60 మంది ఉన్నారు, 44 మంది ఓటేశారు అనుకోండి. మూడింట రెండొంతులకు 30 ఓట్లు చాలు. కానీ 60లో సగానికి మించాలంటే 31 కావాలి. 30 వస్తే బిల్లు ఓడినట్టే. విప్‌లకు ఆ రోజు నిజమైన పని ఉంటుంది, సొంత పక్షం సభ్యులను ఓటుకు రప్పించాల్సింది వాళ్లే.

స్థానిక ఎన్నికల్లో తప్పనిసరి ఓటు కూడా బాగుంటుంది. గుజరాత్ చేసిన అలాంటి చట్టానికి 2014లో గవర్నర్ ఆమోదం దొరికింది. మరుసటి ఏడాది హైకోర్టు స్టే ఇచ్చింది. ఓటు వేయకపోవడం కూడా నా హక్కేనా అన్న ప్రశ్న చుట్టూ సభ తిరుగుతుంది.

ఇంటర్ విద్యార్థులైతే కోచింగ్ సెంటర్ల నియంత్రణ బిల్లు తీసుకోండి. 16 ఏళ్ల లోపువారిని చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. అవి చట్టం కావు. విద్య ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి రాష్ట్ర శాసనసభలో పెట్టొచ్చు. దీని గురించి పెద్దవాళ్ల కంటే మీకే ఎక్కువ తెలుసు.

ఈ వారం పని

పై వాటిలో ఒకటి, లేదా మీకు తోచిన ఇంకొకటి తీసుకుని ఐదారు క్లాజుల బిల్లు రాయండి. పేరు, నిర్వచనాలు, ఎవరు ఏం చేయాలి, శిక్ష, అమలు తేదీ ఉండాలి. తర్వాత దాన్ని మీతో ఎప్పుడూ విభేదించే స్నేహితుడికో స్నేహితురాలికో ఇచ్చి, మూడు సవరణలు రాయమనండి. సవరణ బిల్లు పరిధి దాటకూడదు. "16" తీసేసి "13" పెట్టమనొచ్చు, సినిమా టికెట్ల గురించి కొత్త క్లాజు చేర్చమనకూడదు.

ఆ మూడింటిలో మీరు ఒప్పుకోగలిగినది ఒకటైనా ఉందేమో చూసుకోండి. ఉంటే బిల్లులో కలిపేయండి. ఒప్పుకోనివాటికి ఎందుకు ఒప్పుకోరో ఒక్కో వాక్యం రాసి దగ్గర పెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ వాక్యాలనే మూడు నిమిషాల ప్రసంగంగా పెంచుతాం.