వానల ముందు టీం లీడర్లకు: మనిషి మీద ప్లాన్ ఉంటే ఆ మనిషికి చెప్పండి

ఈ మధ్య విజయవాడ సింగ్ నగర్ వైపు వరద సహాయం చేసే ఒక కుర్రాళ్ళ టీం విడిపోయింది. వాళ్ళ లీడర్ ఫోన్‌లో ఉన్న షీట్ ఒకటి పొరపాటున వాట్సాప్ గ్రూప్‌లో పడింది. అందులో ఒక్కొక్కరి పేరు, పక్కన వాళ్ళ బలహీనత, ఆ పక్కన 'అడ్డం తిరిగితే ఏం చేయాలి' అని ఒక గడి. ఒకరి ఎదురుగా 'రాత్రి మందు, పడవ అప్పజెప్పొద్దు'. ఇంకొకరికి 'అప్పులున్నాయి, వసూలైన డబ్బు కంటపడనివ్వొద్దు'. నీళ్ళలోకి దిగితే భయమేస్తుందన్నా అని ఆ లీడర్‌కి మాత్రమే చెప్పుకున్న అబ్బాయి పేరు పక్కన ఆ భయమే రాసి ఉంది. దాని పక్క గడిలో, 'మాట వినకపోతే నలుగురిలో ఇది తీస్తే చాలు'. ఆ రాత్రికే సగం మంది గ్రూప్ వదిలేశారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి ఊరు మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చినప్పుడు, కాలనీ కాలనీకీ ఇలాంటి టీంలు పుట్టాయి. మళ్ళీ వానలు దగ్గర పడుతున్నాయి. లైఫ్ జాకెట్లు, తాళ్ళు, టార్చిలైట్ల గురించి మీకు చెప్పక్కర్లేదు. టీంలను పాడు చేయగా నేను చూసిన తప్పు ఒక్కటే: మనిషికి తెలియకుండా ఆ మనిషి మీద ప్లాన్ రాసి పెట్టుకోవడం.

కామిక్స్ చదివే పిల్లలు ఆ షీట్ చూడగానే బ్యాట్‌మాన్ ఫైల్స్ అన్నారు. సరిగ్గానే అన్నారు. 2000లో వచ్చిన జస్టిస్ లీగ్ అనే సూపర్‌హీరోల టీం కథలో బ్యాట్‌మాన్ తన టీంలో ప్రతి ఒక్కరినీ ఎలా పడగొట్టాలో రహస్యంగా రాసి పెట్టుకుంటాడు. అతని అనుమానంలో తప్పు లేదు. సూపర్‌మాన్ అంతటివాణ్ణి ఎవరైనా వశం చేసుకుంటే ఆపడానికి ఏదో ఒక దారి ఉండాలి కదా. కానీ ఆ ఫైళ్ళు రాస్ అల్ ఘూల్ అనే విలన్ చేతిలో పడ్డాయి. సముద్రాన్ని ఏలే ఆక్వామాన్‌కు నీళ్ళంటేనే వణుకు పుట్టింది. గ్రీన్ లాంటర్న్‌కు చూపు పోయింది. మార్షియన్ మాన్‌హంటర్ ఒళ్ళు గాలి తగిలితే మండింది. పన్నాగమంతా స్నేహితుడిదే, శత్రువు వాడుకున్నాడంతే. ఇలాంటిది ఒకటుందని ఆక్వామాన్‌కు ముందే తెలిసి ఉంటే, భయం పట్టిన మొదటి నిమిషంలోనే అది ఎక్కడి నుంచి వచ్చిందో పోల్చుకునేవాడు. ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ ఒకేసారి కూలారు. ఆ తర్వాత టీం ఓటు వేసుకుంది, బ్యాట్‌మాన్ బయటికి పోయాడు.

అంతకు పదేళ్ళ ముందు, 1990 నాటి కథలో, సూపర్‌మాన్ తన ప్రాణం తీయగల క్రిప్టోనైట్ ఉంగరాన్ని తన చేత్తోనే బ్యాట్‌మాన్‌కు అప్పజెప్పాడు, ఎప్పుడైనా తాను చేయి దాటిపోతే ఆపమని. ఆపడానికి ఏర్పాటు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. కానీ ఉంగరం సంగతి సూపర్‌మాన్‌కు తెలుసు, ఇచ్చిందే అతను. మీరు చేయాల్సింది ఆ ఉంగరం పని.

ముందు మీటింగ్ సంగతి. వానలకు ముందే ఒక సాయంత్రం అందరూ కూర్చోండి. ఎవరి గురించి వాళ్ళే చెప్పాలి: నేను ఎప్పుడు పనికి రాను, అప్పుడు నన్ను ఎవరు ఆపాలి, నా పని ఎవరికి ఇవ్వాలి. లీడరే మొదట చెప్పాలి. 'నిద్ర లేకపోతే నేను అరుస్తాను, అరవడం మొదలెడితే నన్ను పడవ దించేసి తమ్ముడికి ఇవ్వండి' అని పెద్దవాడు నోరు తెరిచి అంటేనే చిన్నవాళ్ళు తమ భయం బయటపెడతారు.

ఫిట్స్, ఆస్తమా లాంటివి అందరికీ చెప్పాలని లేదు. ఒకే పడవలో ఎక్కే వాళ్ళకు తెలిస్తే చాలు. ఎవరికి చెప్పాలో ఆ మనిషే తేల్చుకోవాలి.

డబ్బు సంగతి. అప్పులున్న వాడి మీద కన్నేసి ఉంచొద్దు. ఎవరైనా సరే ఒంటరిగా డబ్బు పట్టుకోకూడదని రూల్ పెట్టండి, లెక్క ఏ రోజుకారోజు గ్రూప్‌లో పెట్టండి. రూల్ అందరికీ ఒకటే అయితే ఎవరికీ అవమానం ఉండదు. మందు విషయమూ అంతే. తాగినవాడు ఎవడైనా సరే పడవ ఎక్కడు, లీడర్ అయినా సరే.

ఇక మిగతావి.

ఇప్పటికే అలాంటి షీట్ రాసి ఉంటే ఈ రోజే ఆ మనిషికి మీరే చూపించండి. గుట్టుగా చెరిపేస్తే చాలదు, ఎవరి ఫోన్‌లోనో స్క్రీన్‌షాట్ ఉంటుంది.

లీడర్ లేకుండా అడ్మిన్ల కోసం వేరే గ్రూప్ పెట్టి మనుషుల గురించి మాట్లాడొద్దు.

మీకొక్కరికే చెప్పుకున్న మాటను ఎక్కడా రాయొద్దు.

ఒకరి భయాన్ని జోక్‌గా కూడా నలుగురిలో తీయొద్దు.

లీడర్‌ను ఆపే మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పండి. ఆ పేరు అందరికీ తెలియాలి.

'టీం మంచికే దాచాను' అనొద్దు. బ్యాట్‌మాన్ కూడా టీం మంచికే దాచాడు.

మనిషి మీద ప్లాన్ ఉంటే ఆ మనిషికి చెప్పండి. ముఖాన చెప్పలేనిది రాయొద్దు.

కొత్తగా చేరిన వాడికి ఈ మాటలన్నీ పడవ ఎక్కకముందే చెప్పండి, నీళ్ళలోకి వెళ్ళాక చెప్పే తీరిక ఉండదు.