ఎన్నిసార్లు సర్దినా నిండిపోయే ఇల్లు: ఎక్కడ సమస్య, ఏం చేయాలి

మినిమలిజం, అంటే తక్కువ సామానుతో బతకడం, అనగానే తెల్లటి గోడలు, మూలన ఒక మొక్క, నేల మీద ఒక చాప ఉన్న ఫొటోలు చూపిస్తారు. పెళ్ళిళ్ళూ పేరంటాలూ చుట్టాల రాకపోకలూ ఉండే ఇంట్లో అది కుదరదు, కుదరనక్కర్లేదు కూడా. మన ఇళ్ళలో పేరుకున్న సామానులో చాలా భాగం మనం కొన్నది కాదు, ఎవరో పెట్టింది. రావడానికి పది దారులున్నాయి, పోవడానికి ఒక్కటీ లేదు. కింద మీ ఇంటి సంగతి ఏదో చూసుకుని అక్కణ్నుంచే మొదలుపెట్టండి. వరసగా చేయాలనేం లేదు.

సమస్య: ఆదివారమంతా సర్దినా వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికే వచ్చింది

కారణం: సర్దడం పేరుతో సామానుని హాల్లోంచి పడగ్గదికి, అక్కణ్నుంచి అటక మీదికి మార్చారు. గుమ్మం దాటి ఏదీ వెళ్ళలేదు. పైగా సర్దుకోవడానికని కొత్తగా నాలుగు ప్లాస్టిక్ బాక్సులు కొన్నారు.

పరిష్కారం: గదుల వారీగా కాకుండా రకాల వారీగా తీయండి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ, చార్జర్లన్నీ ఒకచోట పరిస్తే తప్ప ఎన్ని ఉన్నాయో తెలీదు. మొదటిరోజు వంటింటి ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకోండి. బిర్యానీ పార్సెల్‌తో వచ్చినవి, స్వీట్ షాపువి, అన్నీ దించి మూతలు పెట్టి చూడండి. మూత దొరకనివి, పసుపు మరక పట్టి ఎంత తోమినా జిడ్డు వదలనివి పక్కన పెట్టేయండి, వాటి గురించి ఆలోచించే పనే లేదు. ఫొటో ఆల్బమ్‌లూ పిల్లల చిన్నప్పటి గౌన్లూ మాత్రం ఆ రోజు ముట్టుకోవద్దు. వాటి ముందు కూర్చుంటే చీకటి పడిపోతుంది.

సమస్య: బీరువా తీస్తే చీరలు మీద పడతాయి, కట్టుకుందామంటే ఒక్కటీ లేదు

చాలా ఇళ్ళలో ఇక్కడ తప్పు చీరది కాదు, జాకెట్టుది. చీర బాగానే ఉంటుంది, జాకెట్టు మాత్రం పట్టదు. అందుకే అది ఏళ్ళ తరబడి మడతలోనే ఉండిపోతుంది. కాబట్టి చీరల్ని రంగును బట్టో ధరను బట్టో కాకుండా జాకెట్టును బట్టి విడదీయండి. పట్టేవి ఒక వరస. బిగుతైనవి తిరగేసి పక్క కుట్టు దగ్గర చూడండి. మంచి టైలరైతే లోపల గుడ్డ వదిలే ఉంటాడు, కుట్టు విప్పి వదులు చేస్తే ఆ చీర మళ్ళీ వాడుకలోకి వస్తుంది. లోపల గుడ్డ లేకపోతే, కొత్తది కుట్టించేంత ఇష్టం ఆ చీర మీద ఉందా అని చూసుకోండి. లేదనుకుంటే అది వేరేవాళ్ళ చీర. వదినకో, ఆడపడుచుకో, ఇంట్లో పనిచేసే అమ్మాయికో, బాగున్నప్పుడే ఇవ్వండి. వెలిసిపోయాక ఇస్తే ఇచ్చినట్టు కాదు.

దాచుకోవాలనుకున్న పట్టుచీరల్ని అలా పడేసి ఉంచకండి. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే జరీ ఆ గీత వెంబడే చీలుతుంది. మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చాలి. ఆ ఓపిక ఎన్ని చీరలకు ఉందో అన్నే ఉంచుకుంటే సరిపోతుంది. అసలు వెండి జరీ ఉన్న పాత చీర చిరిగినా దానికి విలువుంటుంది, గిన్నెలకు బదులు ఇచ్చేయకండి.

ఇక పేరంటాల్లో పెట్టిన జాకెట్టు ముక్కలు. సాధారణంగా వచ్చే 80 సెంటీమీటర్ల ముక్క పొడుగు చేతులు పెట్టించుకునేవాళ్ళకు చాలదు, అందుకే ఎవరూ కుట్టించుకోరు, ఇంటింటికీ తిరుగుతూ ఉంటాయి. మీ ఇంట్లో ఆ తిరుగుడు ఆపేయండి. దిండు గలీబులు కుట్టించుకోవచ్చు, కుట్టుపని నేర్చుకునేవాళ్ళకిస్తే సంతోషంగా తీసుకుంటారు.

సమస్య: అటక నిండా స్టీలు సామాను, వాడేది నాలుగు గిన్నెలు

కారణం: "ఎప్పుడైనా ఫంక్షన్ చేస్తే పనికొస్తాయి." ఫంక్షన్ చేసినప్పుడు క్యాటరింగ్ వాళ్ళు వాళ్ళ గుండిగలే తెచ్చుకుంటారు. ఇంట్లోనే వండినా టెంట్‌హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి.

పరిష్కారం: ఇంటిల్లిపాదికీ, ఇంకో నలుగురు చుట్టాలకూ సరిపడా ఉంచుకుని మిగతావి తూకానికి వేసేయండి. ఇత్తడి, రాగి సామాను స్టీలుతో కలపొద్దు, వాటి ధర వేరు. రెండు షాపుల్లో అడిగి అమ్మండి. అమ్మమ్మ పేరు చెక్కిన చెంబు అమ్మక్కర్లేదు, అటక మీంచి దించి రోజూ నీళ్ళు తాగండి.

సమస్య: వద్దనుకున్నవి మూటలు కట్టారు, మూటలు బాల్కనీలోనే ఉన్నాయి

కారణం: ఏ మూట ఎక్కడికి పోవాలో అనుకోలేదు. మూట కట్టేటప్పుడే దాని మీద చోటు, తేదీ రాయండి. పేపర్లు, ఇనుము పాత సామాన్ల బండికి. ఉతికి, గుండీలున్న బట్టలు అడిగినవాళ్ళకు. చిరిగినవి తుడుపు గుడ్డలకు, మెత్తటి నూలు చీరలైతే బొంతకు. పాత ఫోన్లలో డేటా చెరిపి రిజిస్టరైన ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కు ఇవ్వాలి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం గుచ్చడం, నొక్కడం చేయకండి, మంట అంటుకుంటుంది.

భోగి దగ్గర పడుతుంటే అన్నీ మంటలో వేసేద్దామనిపిస్తుంది. పాత కలపైతే సరే. ప్లాస్టిక్, ఫోమ్ పరుపులు, టైర్లు, పాలిస్టర్ చీరలు కాలిస్తే వచ్చే పొగ విషం, మంట చుట్టూ నిలబడేది మన పిల్లలే.

కాగితాల విషయంలో తొందర పనికిరాదు. రిజిస్టర్డ్ దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు), పట్టాదారు పాస్‌పుస్తకం, వీలునామా, పదో తరగతి మెమో పాడవకుండా ఒక ఫైల్లో పెట్టండి. డిజిలాకర్‌లో ఉంది కదా అని అసలువి పారేయొద్దు. ఆధార్ జెరాక్సులు చించి పారేయండి.

సమస్య: అత్తగారు ఒప్పుకోవడం లేదు

కారణం: గిన్నెకు చిల్లు పడితే మాటు వేయించుకుని వాడుకున్న రోజులు చూసినవాళ్ళు. వస్తువు పారేయడమంటే వాళ్ళకు దండగ చేయడమే.

పరిష్కారం: ముందు మీ బీరువా, మీ పుస్తకాలు, మీ చెప్పులు తగ్గించండి. ఆవిడ ఊరెళ్ళినప్పుడు చాటుగా అమ్మేయడం లాంటి పని ఎప్పుడూ చేయకండి. ఒక్క గిన్నె కనపడకపోయినా ఆ తర్వాత ఖాళీ హార్లిక్స్ సీసా కూడా వదలరు. "పారేద్దామా" అని కాకుండా "ఎవరికిద్దాం అత్తయ్యా" అని అడగండి. ఎవరికివ్వాలో ఆవిడే చెబుతారు, చాలాసార్లు మనకన్నా ఎక్కువే ఇచ్చేస్తారు.

సమస్య: ఖాళీ చేసిన చోటు మళ్ళీ నిండింది

డిస్కౌంట్ సేల్ యాప్‌లలో నోటిఫికేషన్లు ఆపేయండి. మీ ఇంట్లో ఫంక్షన్‌కి రిటర్న్ గిఫ్ట్‌గా డబ్బాలు కాకుండా సున్నుండలో పూతరేకులో ఇవ్వండి.

వీటిలో ఏదీ పనిచేయని సందర్భం ఒకటుంది. పాత పేపరు, చిరిగిన కవరు తీసేసినా మనిషి విలవిల్లాడిపోవడం, మంచం మీద పడుకునే చోటు, పొయ్యి దగ్గర వండుకునే చోటు లేకుండా సామాను నిండిపోవడం కనిపిస్తే అది బద్ధకమూ కాదు, పిసినారితనమూ కాదు. వైద్యులు 2013 నుంచి దాన్ని ప్రత్యేకమైన మానసిక రుగ్మతగానే లెక్కిస్తున్నారు. బలవంతంగా ఇల్లు ఖాళీ చేస్తే అది ముదురుతుంది. సైకియాట్రిస్టుకు చూపించండి. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.