వాల్వు లీనియర్ కడదాం – 7వ పాఠం: రాత్రి కాగానే నీరసించే 811ఏ

మనం కడుతున్నది లీనియర్, అంటే హామ్ రేడియో సిగ్నలు బలాన్ని పెంచే యాంప్లిఫయరు. పోయిన పాఠంలో రెండు 811ఏ వాల్వులు సాకెట్లలో పెట్టి, 7 మెగాహెర్ట్జ్‌లో డమ్మీ లోడు (యాంటెన్నాకి బదులు పెట్టే రెసిస్టరు) మీద మొదటిసారి నడిపాం. ఈసారి ట్యూనింగు, లోడింగు నేర్పి యాంటెన్నా దాకా తీసుకెళ్దామనుకున్నాను. కానీ వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు. రాజోలు నుంచి, మొగల్తూరు నుంచి, భీమవరం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అందరిదీ అదే మాట: పగలు బాగానే నడిచింది, రాత్రి ఎనిమిది దాటాక ప్లేటు కరెంటు 200 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగిపోతోంది, డ్రైవు (లోపలికిచ్చే సిగ్నలు) పెంచితే గ్రిడ్డు కరెంటు పెరుగుతోంది తప్ప పవరు రావడం లేదు, వాల్వులు పోయినట్టేనా?

పోలేదండి. దయచేసి కొత్తవి కొనకండి. వాల్వుకి ఫిలమెంటు (వేడెక్కి ఎలక్ట్రాన్లు విడిచే తీగ) దగ్గర వోల్టేజి చాలడం లేదు, అంతే. ఈ ఒక్క విషయం తేలకుండా ట్యూనింగు చెబితే మీరు లేని జబ్బుకి మందు వేస్తూ కూర్చుంటారు. అందుకని పాఠంలో ముందు సగం దీనికే.

వోల్టేజి ఎక్కడ కొలుస్తున్నారు?

ఫిలమెంటు వోల్టేజి రాసి పంపిన వాళ్ళలో దాదాపు అందరూ ట్రాన్స్‌ఫార్మరు ట్యాగుల దగ్గరే కొలిచారు. కొందరైతే వాల్వులు పెట్టకుండానే కొలిచారు. లోడు లేని 6.3 వోల్టుల వైండింగు 6.8, 6.9 కూడా చూపిస్తుంది. ఆ అంకె చూసి "ఎక్కువే ఉంది కదా" అనుకోవడమే ఈ మొత్తం చిక్కుకి మూలం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఎంత ఉందన్నది వాల్వుకి అనవసరం. వాల్వుకి తెలిసేది తన 1, 4 కాళ్ళ మధ్య ఉన్న వోల్టేజి ఒక్కటే.

ఒక్కో 811ఏ ఫిలమెంటు 6.3 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండూ కలిపి 8. ఎనిమిది ఆంపియర్లు పారే దారిలో 0.05 ఓమ్ నిరోధం ఉందంటే 0.4 వోల్టు అక్కడే పోతుంది. మామూలు మల్టీమీటరు 0.05 ఓమ్‌ని సరిగ్గా చూపించలేదు, కాబట్టి కంటిన్యుటీ బీప్ విని తృప్తి పడి లాభం లేదు.

ఆ నిరోధం ఎక్కడుంటుందో లెక్క కడదాం. ఫిలమెంటు చోక్ (రేడియో సిగ్నలు ట్రాన్స్‌ఫార్మరు వైపు పోకుండా ఆపే కాయిలు) కోసం 12 మిల్లీమీటర్ల ఫెర్రైటు కడ్డీ మీద రెండు తీగలు జతగా 28 చుట్లు చుట్టమన్నాను. రానూ పోనూ తీగ, లీడ్లతో కలిపి సుమారు 3.4 మీటర్లు. నేను చెప్పింది 16 గేజి ఎనామెల్ తీగ. దానికి 0.028 ఓమ్, అంటే 0.22 వోల్టు నష్టం. "18 గేజి ఇంట్లో ఉంది, అదే వాడాను" అన్నవాళ్ళకి 0.05 ఓమ్, 0.4 వోల్టు నష్టం. కాళ్ళ దగ్గర 6.0 కన్నా తగ్గకూడదన్న పరిమితి అక్కడే దాటిపోయింది. 18 గేజితో చుట్టిన చోక్ విప్పేయండి. ఇందులో సర్దుబాటు లేదు.

తరువాత సాకెట్టు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి చోట్ల, సాకెట్టు రేకులూ వాల్వు కాళ్ళూ ఆరునెలలకే మసకబారతాయి. ఒక్కో కాలి దగ్గర 0.03 ఓమ్ చేరిందనుకోండి, 4 ఆంపియర్లకి 0.12 వోల్టు, రెండు కాళ్ళకి 0.24. పైగా ఆ అతుకు వేడెక్కి, స్ప్రింగు పట్టు సడలి, నెలనెలా ఇంకా చెడుతుంది. దీన్ని పట్టుకునే పద్ధతి సులువు. ఫిలమెంటు వెలుగుతుండగా మీటరును ఏసీ మిల్లీవోల్టులకి పెట్టి, ఒక మొన సాకెట్టు ట్యాగు మీద, రెండోది వాల్వు కాలి మీద ఆనించండి. వాల్వును ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేపితే సన్నటి మొన కాలికి అందుతుంది. 40 మిల్లీవోల్టులు దాటిందా, కాలిని సన్న ఎమెరీ కాగితంతో తుడిచి, రేకును బిగించి, మళ్ళీ కొలవండి.

ఇవన్నీ కొలిచేటప్పుడు హై వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు ప్లగ్గు గోడ నుంచి పీకేసి ఉండాలి, స్విచ్చి కట్టేస్తే చాలదు. ప్లేటు క్యాపులు తీసి పక్కకి పెట్టండి. వెలగాల్సింది ఫిలమెంటు ఒక్కటే.

ఇక లైను సంగతి

మన డెల్టాలో చేపల, రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. చీకటి పడ్డాక నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి వాటిని ఆపడానికి వీల్లేదు. ఆ లైను చివర ఉన్న ఇంట్లో మధ్యాహ్నం 245 చూపించిన మీటరు రాత్రి 205 చూపించడం మామూలే. 230కి 6.3 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు 205కి 5.6 ఇస్తుంది. అందులోంచి చోకులో 0.4 పోతే కాళ్ళ దగ్గర 5.2. ఫిర్యాదు రాత్రిళ్ళే ఎందుకు వస్తోందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

811ఏ ఫిలమెంటు థోరియం కలిపిన టంగ్‌స్టన్. ఉపరితలం మీద ఉన్న పలచటి థోరియం పొర నుంచే ఎలక్ట్రాన్లు వస్తాయి. ఆ పొర అరిగినకొద్దీ లోపలి నుంచి కొత్త థోరియం పైకి రావాలి, అందుకు తగిన వేడి ఉండాలి. వేడి తక్కువైతే పొర నిండదు, ఎలక్ట్రాన్లు చాలవు, సిగ్నలు శిఖరాలు చదునైపోయి పక్క స్టేషన్ల మీద మీ మాట చిందుతుంది. అలాగని మధ్యాహ్నం 250 వచ్చినప్పుడు 6.85 ఇచ్చినా నష్టమే, ఫిలమెంటు ఆయుష్షు తొందరగా తరిగిపోతుంది. కాళ్ళ దగ్గర 6.0 నుంచి 6.6 లోపల ఉండాలి. నేనైతే 6.2 పెట్టుకుంటాను.

హై వోల్టేజి కూడా రాత్రి పడిపోతుంది కదా అని అడిగారు. పడనివ్వండి. 1,250కి బదులు 1,100 ఉంటే పవరు కాస్త తగ్గుతుంది, వాల్వుకి హాని లేదు. దిద్దాల్సింది ఫిలమెంటు.

మందు రెండు రకాలు. కొత్తగా ట్రాన్స్‌ఫార్మరు చుట్టించేవాళ్ళు ప్రైమరీలో 200, 215, 230, 245 ట్యాపులు పెట్టమని చెప్పి, రోటరీ స్విచ్చి ప్రైమరీ వైపే బిగించండి. అక్కడ పారేది పావు ఆంపియరు లోపే. సెకండరీ వైపు పెడితే స్విచ్చి కాంటాక్టుల్లోనే మరో 0.1 వోల్టు పోతుంది. ఇప్పటికే ట్రాన్స్‌ఫార్మరు ఉన్నవాళ్ళు 12 వోల్టుల 500 మిల్లీ ఆంపియర్ల చిన్న ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి, దాని ప్రైమరీని లైనుకి ఇచ్చి, సెకండరీని ఫిలమెంటు ప్రైమరీతో సిరీస్‌లో కలపండి. ఒకవైపు కలిపితే 12 వోల్టులు కూడుతుంది, తీగలు తిప్పి కలిపితే తీసేస్తుంది. కాళ్ళ దగ్గర 0.33 వోల్టు తేడా వస్తుంది. డబుల్ పోల్ డబుల్ త్రో స్విచ్చి ఒకటి పెడితే పగలు తగ్గించుకోవచ్చు, రాత్రి పెంచుకోవచ్చు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం, చవక కూడా. స్విచ్చి మార్చేముందు ఫిలమెంటు సప్లై ఆపేయడం మరవకండి.

ఇన్వర్టరు మీద నడిపేవాళ్ళకి ఒక మాట. చతురస్రపు వేవు ఇచ్చే ఇన్వర్టరు అయితే, ట్రూ ఆర్‌ఎంఎస్ (ఏ ఆకారపు వేవుకైనా అసలు అంకె చూపించేది) కాని మీటరు అసలుకన్నా సుమారు 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. 6.3 అని చూపించినప్పుడు నిజంగా ఉన్నది 5.7. ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు అరువు తెచ్చుకోండి.

సప్లై గురించి రెండు దిద్దుబాట్లు

హై వోల్టేజి మీటరుకి 10 మెగాఓమ్ రెసిస్టరు ఒక్కటే పెట్టి, అది తెగి, మీటరు సున్నా చూపిస్తే సప్లై చచ్చిందనుకుని చెయ్యి పెట్టబోయారు ఒకరు. అర వాటు రెసిస్టరు వేడిని తట్టుకుంటుంది కానీ 1,270 వోల్టులను తట్టుకోదు. అలాంటి రెసిస్టర్ల పరిమితి మామూలుగా 350 వోల్టుల దరిదాపులు. 1 మెగాఓమ్‌వి పది వరసగా కలపండి, ఒక్కోదాని మీద 127 వోల్టులే పడుతుంది.

రెండోది, సప్లై ఆపేశాక ఎంతసేపు ఆగాలన్నది. 220 మైక్రోఫారడ్లు, 450 వోల్టులవి నాలుగు సిరీస్‌లో ఉంటే మొత్తం 55. ఒక్కోదానికి అడ్డంగా 100 కిలోఓమ్ ఉంటే మొత్తం 400 కిలోఓమ్. 1,270తో మొదలైతే, 22 సెకన్లు గడిచాక కూడా 467 వోల్టులు మిగిలి ఉంటాయి. 50కి దిగడానికి 70 సెకన్లకి పైగా పడుతుంది, అదీ నాలుగు రెసిస్టర్లూ బాగుంటే. రెండు నిమిషాలు ఆగండి. తరువాత 470 ఓమ్ 25 వాట్ల రెసిస్టర్లు రెండు సిరీస్‌లో కట్టిన డిశ్చార్జి కర్రతో తాకించండి. కర్రకి పొడి పీవీసీ గొట్టం వాడండి. వెదురు వద్దు, మన దగ్గర అది ఏడాదిలో తొమ్మిది నెలలు చెమ్మగానే ఉంటుంది.

ట్యాంకు

ట్యాంకు అంటే ప్లేటును యాంటెన్నాకి జత కుదిర్చే కాయిలు, కండెన్సర్ల కూర్పు. కాయిలు అంకెలు ఎలా వచ్చాయో పోయినసారి చెప్పలేదు. ప్లేటు 1,250 వోల్టులు, 320 మిల్లీ ఆంపియర్లు. 1,250ని 1.8 రెట్ల 0.32తో భాగిస్తే లోడు సుమారు 2,170 ఓమ్. క్యూ (ట్యాంకు ట్యూనింగు పదును చెప్పే అంకె) 12 అనుకుంటే, 7.1 మెగాహెర్ట్జ్‌కి ప్లేటు వైపు 124 పికోఫారడ్లు, కాయిలు 4.5 మైక్రోహెన్రీలు, లోడు వైపు 685 పికోఫారడ్లు. ప్లేటు వైపు వాల్వులూ తీగలూ కలిపి పాతిక దాకా ముందే ఉంటుంది కాబట్టి గ్యాంగు (తిప్పి విలువ మార్చే కండెన్సరు) వంద దగ్గర నిలుస్తుంది. కాయిలు 12 గేజి రాగి తీగతో 50 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల పొడవు, పదకొండున్నర చుట్లు.

లోడు వైపు పాత రేడియో గ్యాంగు రెండు సెక్షన్లు కలిపి వాడొచ్చు. 50 ఓమ్‌లో 200 వాట్లకి శిఖరం 141 వోల్టులే. ప్లేటు వైపు మాత్రం రేడియో గ్యాంగు పనికి రాదు, రేకుల మధ్య ఖాళీ కనీసం 1.5 మిల్లీమీటర్లు ఉండాలి. వాన రోజుల్లో ఆ గ్యాంగులో టప్ టప్ మంటే ఉప్పు, దుమ్ము, చెమ్మ కలిసిన పని. స్పిరిటుతో రేకులు కడిగి, పెట్టెలో 40 వాట్ల బల్బు గంటసేపు వెలిగించండి. అప్పటికీ ఆగకపోతే లోడింగు చాలడం లేదన్నమాట.

ట్యూనింగుకి వద్దాం. లోడు గ్యాంగు పూర్తిగా మూసి మొదలుపెట్టాలి. డ్రైవు లేకుండా రెండు వాల్వులకీ కలిపి 50 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల ఉండాలి. 10 వాట్ల డ్రైవు ఇచ్చి, ప్లేటు గ్యాంగు తిప్పుతూ కరెంటు దిగే చోటు పట్టుకోండి. లోడు గ్యాంగు కొంచెం తెరవండి, కరెంటు పెరుగుతుంది. మళ్ళీ ప్లేటు గ్యాంగుతో దించండి. ఇలా మార్చి మార్చి చేస్తూ డ్రైవు పెంచుకుంటూ పోవాలి. గ్రిడ్డు కరెంటు 100 దాటకూడదు, అది రెండింటికీ కలిపి హద్దు. దాటుతోందంటే లోడు గ్యాంగు ఇంకా తెరవాలి.

కీ నొక్కి పట్టుకునేది ఒక్కోసారి ఐదు సెకన్లే. ట్యూను తప్పి ఉన్నప్పుడు లోపలికి వెళ్ళే 400 వాట్లూ ప్లేట్లలోనే వేడిగా మారతాయి, అవి రెండూ కలిపి మోయగలిగేది 130. ప్లేట్లు ఎర్రబడుతుంటే ఆపి, నిమిషం ఆగి, మళ్ళీ మొదలుపెట్టండి. కరెంటు దిగింది కానీ డమ్మీ లోడు దగ్గర పవరు లేదంటే మీరు 14 మెగాహెర్ట్జ్ మీద కూర్చున్నట్టు. గ్యాంగును మూసే వైపు ఇంకా తిప్పండి.

యాంటెన్నా తగిలించేముందు అవుట్‌పుట్ సాకెట్టు నుంచి చాసిస్‌కి 2.5 మిల్లీహెన్రీల చోక్ ఉందో లేదో చూసుకోండి. హై వోల్టేజిని యాంటెన్నా వైపు పోకుండా ఆపే బ్లాకింగ్ కండెన్సరు షార్టు అయితే ఫ్యూజు పోయేలా చేసేది అదే. అది లేకపోతే 1,250 వోల్టులు కొబ్బరిచెట్టుకి కట్టిన డైపోలు తీగ మీదకి ఎక్కుతాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడు (తక్కువ పవరుకే అనుమతి ఉన్న) హామ్ లైసెన్సు ఉన్నవాళ్ళు డమ్మీ లోడు దగ్గరే ఆగాలి.

అభ్యాసం

మూడు రోజులు, రోజుకి నాలుగుసార్లు: ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 8, తెల్లవారుజాము 3. ప్రతిసారీ నాలుగు అంకెలు రాయండి: లైను వోల్టేజి, ఫిలమెంటు ట్రాన్స్‌ఫార్మరు ట్యాగుల దగ్గర, మొదటి వాల్వు 1–4 కాళ్ళ మధ్య, రెండో వాల్వు 1–4 కాళ్ళ మధ్య. తెల్లవారుజాము అంకె వదిలేయకండి, ఏరేటర్ల బరువు అప్పుడే తెలుస్తుంది. రెండు వాల్వుల మధ్య 0.1 కన్నా ఎక్కువ తేడా ఉంటే తక్కువున్న సాకెట్టు విప్పి చూడండి. వీలైతే 3.6 మెగాహెర్ట్జ్‌కి ట్యాంకు అంకెలు కూడా కట్టి ఉంచండి. రియాక్టెన్సులు అవే, ఫ్రీక్వెన్సీ ఒక్కటే మారుతుంది.