జపాన్ పల్లెలకు తిరుపతి నుంచి బయలుదేరేవారికి

జపాన్ ప్రయాణం అనగానే మనవాళ్లు చెర్రీ పూలను తలుచుకుని మార్చి చివరికో ఏప్రిల్ మొదటికో టికెట్లు వెతుకుతారు. పల్లెలను చూడాలనుకునేవారు పూల లెక్క పక్కన పెట్టి పొలం పనుల లెక్క చూసుకోవడం మేలు. ఎక్కువ ప్రాంతాల్లో నాట్లు మే నెల ప్రాంతంలోనూ, కోతలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ సాగుతాయి. ఏప్రిల్ చివర మొదలయ్యే వరుస సెలవుల్లో, పితృదేవతలు ఇంటికి వస్తారని నమ్మే ఆగస్టు నడిమి ఒబొన్ రోజుల్లో, కొత్త సంవత్సరానికి అటూ ఇటూ సొంతూళ్లకు వెళ్లేవారితో రైళ్లు కిటకిటలాడతాయి కాబట్టి, సంక్రాంతికి చిత్తూరు బస్సులో సీటు కోసం పడే పాట్లు ఎరిగినవారు ఆ మూడు సమయాలనూ వదులుకోవాలి. నన్నడిగితే అక్టోబరు చివరి నుంచి నవంబరు నడుమ దాకా వెళ్లమంటాను. వగరు తప్ప మరో రుచి లేని 'కాకి' అనే జపాన్ పళ్లను (ఇంగ్లీషులో పెర్సిమన్) తొక్క తీసి, తొడిమలకు తాడు కట్టి, చూరు కింద వరుసగా వేలాడదీసే కాలం అది. ఆరుతున్న పండును మధ్యమధ్యలో వేళ్లతో మెల్లగా పిసుకుతారు. వారాలు గడిచేకొద్దీ వగరు పోయి, లోపలి చక్కెర తెల్లని పొడిలా పైకి తేలుతుంది.

మొదటి మజిలీగా కోయసాన్‌ను ఎంచుకోండి. చెన్నైలో విమానమెక్కి, దారిలో మరొకటి మారి ఒసాకా చేరితే, నంబా స్టేషన్ నుంచి రైలు, ఆపైన కేబుల్ కారు కొండ మీదికి చేరుస్తాయి. కూకై అనే బౌద్ధాచార్యుడు 816లో చక్రవర్తి అనుమతి పొంది నెలకొల్పిన ఈ క్షేత్రం దాదాపు 800 మీటర్ల ఎత్తున, అంటే ఇంచుమించు మన తిరుమల ఎత్తులోనే ఉంది. అలిపిరి మెట్లెక్కే అలవాటున్నవారు కింద జిసోన్‌యిన్ ఆలయం నుంచి పాత నడక దారిన వెళ్లవచ్చు. సుమారు 109 మీటర్లకొకటి చొప్పున, ప్రధాన ఆలయ ప్రాంగణం దాకా 180 రాతి స్తంభాలు దారి చూపుతాయి. ఇరవై కిలోమీటర్లకు పైబడిన నడక కనుక ఆరేడు గంటలు పడుతుంది, అందుకే ఉదయాన్నే బయలుదేరాలి. మన మెట్ల దారిలోలాగా అడుగడుగునా దుకాణాలు ఉండవు, నీళ్లు మోసుకుపోక తప్పదు.

కోయసాన్‌ను ముందు పెట్టడానికి అసలు కారణం తిండి. మాంసం, చేప వద్దంటే సరిపోతుందని నేనూ అనుకున్నాను. ఒక పల్లె బసలో అలాగే చెప్పి కూర్చుంటే, వేడి టోఫు (సోయా పాలను విరిచి చేసే, పనీరు లాంటి ముద్ద) మీద పల్చని గోధుమరంగు రేకులు ఆవిరికి వణుకుతూ వచ్చాయి. అవి ఎండబెట్టిన చేపను చిత్రికపట్టి తీసిన తురుము. ఆ చేపతో కాచిన దాషి అనే రసమే సాధారణంగా మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపుకూ నూడుల్స్‌కూ ఆధారం, అందువల్ల చేప ముక్క కనబడనంత మాత్రాన అది శాకాహారం కాదు. "నికు, సకానా, కత్సువో దాషి వ తాబెమాసెన్" (మాంసం, చేప, ఆ ఎండుచేప రసం తినను) అన్న మాటను జపాన్ లిపిలో రాయించుకుని, గది తీసుకునేటప్పుడే తెలియజేయాలి. కోయసాన్‌లో యాత్రికులకు బస ఇచ్చే యాభై దాకా ఆలయాల్లో ఈ బెంగ చాలావరకు తీరుతుంది. అక్కడ సంప్రదాయ భోజనంలో మాంసం, చేపలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, రసం సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాస్తారు. గడ్డకట్టించి ఆరబెట్టిన కోయ టోఫును కొరికితే రసంలో నానిన వడలా ఊట నోట్లోకి దిగుతుంది. కందిపొడి వెంట తీసుకెళ్లండి కానీ మామిడి పళ్లు, కరివేపాకు వద్దు, ధ్రువపత్రం లేని తాజా పళ్లనూ ఆకులనూ విమానాశ్రయం దాటనివ్వరు.

రెండో మజిలీగా షిరకవాగో అనే పల్లెకు వెళ్లేవారు తకయామా పట్టణం నుంచి బస్సెక్కితే యాభై నిమిషాలు పడుతుంది. గోకయామా ఊళ్లతో కలిపి 1995లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఇక్కడి ఇళ్ల నిట్టనిలువు గడ్డి కప్పులను గస్షో అంటారు, అంటే నమస్కరించే చేతులని అర్థం. ఆ కప్పుల కింది అటకల మీద పూర్వం పట్టుపురుగులను పెంచేవారు. పలమనేరు వైపు మల్బరీ రైతులు ఆ అటకను చూస్తే గాలి, వెలుతురు కోసం కిటికీలు ఎందుకు అలా పెట్టారో ఒకరు చెప్పే పని లేదు. కప్పు మార్చేటప్పుడు ఊరంతా కదిలి ఒకరి ఇంటికి ఒకరు బదులు పని చేసే పద్ధతిని యుయి అంటారు. టికెట్టు పెట్టి చూడనిచ్చే ఇళ్లు కొన్నే. మిగిలినవి జనం కాపురముంటున్నవి కాబట్టి ఫొటో కోసం పెరట్లోకి, పొలం గట్టు మీదికి పోకూడదు.

బస చేసే ఇంట్లో చెప్పులు గడప దగ్గరే విడవడం మనకు కొత్త కాదు. మరుగుదొడ్డికి వేరే చెప్పులు ఉంటాయని, వాటితో చాప పరిచిన గదిలోకి రాకూడదని మాత్రం గుర్తుంచుకోవాలి. యుకతా అనే పల్చని నూలు అంగీ కట్టుకునేటప్పుడు ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి, తిరగేసి కట్టడం శవానికి మాత్రమే. స్నానాల తొట్టిలోకి దిగే ముందు, బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లు రుద్దుకుని, నురుగంతా పోయేదాకా కడుక్కోవాలి. తొట్టి ఉన్నది వేడి నీళ్లలో ఒళ్లు నానడానికే. అవే నీళ్లలో మీ తరువాత ఇంకొకరు దిగుతారు కాబట్టి బయటికి వచ్చేటప్పుడు అడుగు బిరడా తీయకండి, వేడి చల్లారకుండా తొట్టి మీద మూత కప్పి రండి.